సిగ్గు సగం, స్లాటు సగం

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక తెలుగింట్లో సాయంత్రం ఏడింటి నుంచి పదింటి దాకా టీవీ ముందు కూర్చుని, సెక్స్ ప్రస్తావన ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. కామెడీ షోలో డబుల్ మీనింగ్ జోకు, దానికి జడ్జీల విరగబడి నవ్వడం. సీరియల్లో పాలగ్లాసు, మల్లెపూల మంచం. వద్దని చెప్పిన పిల్ల వెనకాలే పాట పొడుగునా తిరిగే హీరో. కోడలు వాంతి చేసుకోగానే వెలిగిపోయే అత్త మొహం. తాత, నాయనమ్మ, పదో తరగతి మనవరాలు ఒకే చాప మీద కూర్చుని ఇవన్నీ చూస్తారు. ఛానల్ మార్చమని ఎవరూ అనరు. అదే తెర మీద ఒక నర్సమ్మ వచ్చి కండోమ్ ఎలా వాడాలో చెబితే మాత్రం రిమోట్ కోసం నాలుగు చేతులు లేస్తాయి.

కాబట్టి 'మన ఇళ్లలో ఆ మాట రాదు' అన్నది నిజం కాదు. నవ్వులాటగా వస్తే అడ్డు లేదు, సూటిగా వస్తేనే అడ్డు. దీనికి సిగ్గు ఒక కారణం. రెండో కారణం గురించి పెద్దగా మాట్లాడుకోం: ఏ మాట ఏ భాషలో, ఏ పెట్టెలో, ఏ గంటకి ఇంట్లోకి రావాలో తేల్చే టీవీ వ్యాపారం, దాని చుట్టూ ఉన్న చట్టం. సిగ్గుని తిడుతూ కూర్చుంటే ఇంకో రెండు తరాలు గడుస్తాయి. రెండో దాన్ని బాగుచెయ్యడం తేలిక, అది కదిలితే మొదటిది కూడా కొంత కదులుతుందన్నది నా వాదన.

ముందు సిగ్గు సంగతి. ఆడపిల్ల సమర్తాడితే ఫొటో వేసి ఫ్లెక్సీ కొట్టించి నాలుగు రోడ్ల దగ్గర కడతాం, ఊరందరికీ భోజనాలు పెడతాం. ఆ వారమే అదే పిల్లకి ప్యాడ్లు కొనాలంటే షాపువాడు పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. పక్క వీధి ఒడియా ఇళ్లలో జూన్ నడుమ రజ పండగ వస్తుంది. భూదేవి ఋతుమతి అయిందని మూడు రోజులు నాగలి ఆపుతారు, ఆడపిల్లలకి పని చెప్పరు, ఉయ్యాలలు కడతారు, పోడొపిఠా వండుతారు. నాలుగో రోజు వసుమతి స్నానం. మిగతా నెలల్లో ఆ ఇళ్లలోనూ వంటగది గడప దగ్గర ఆంక్షలు ఉంటాయి, కాదనను. కానీ నెలసరిని వీధిలోకి తెచ్చి వేడుక చేసుకోవడం తెలిసిన రెండు సంప్రదాయాల మధ్య బతుకుతూ, ఆ సంగతి టీవీలో వస్తే తల దించుకోవాలనడం సంస్కృతి పేరుతో చేసే బద్ధకం.

మూడు పెట్టెలు, మూడు లెక్కలు

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగిళ్లకి టీవీ మూడు దారుల్లో వస్తుంది: ఊళ్లో కేబుల్, నెలనెలా రీచార్జ్ చేసే డిష్, డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్. ఈ మూడింటి తేడా పట్టించుకోకుండా 'టీవీ ద్వారా అవగాహన కల్పించాం' అని రాసుకునే నివేదికల్ని నేను నమ్మను.

కేబుల్‌కి ఉన్న బలం లోకల్ ఛానల్. పుట్టినరోజు శుభాకాంక్షలు, బంగారం కొట్టు ప్రకటనలు, రాత్రికి ఒక పాత సినిమా. సర్కారు కాగితాల్లో దీని పేరు ప్లాట్‌ఫామ్ సర్వీస్. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం కేబుల్ సంస్థ ఒక్కో ఛానల్‌కి 1000 రూపాయలు కట్టి నమోదు చేయించుకోవాలి, ఇలాంటివి మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో 5 శాతం దాటకూడదు, ప్రసారం చేసిన ప్రతిదాని రికార్డింగూ 90 రోజులు దాచాలి. ఈ 90 రోజుల సంగతి కింద పనికొస్తుంది.

డబ్బు కట్టే డిష్‌లో మీ ఊరి లోకల్ ఛానల్ రాదు. ఒడిశా చిరునామాతో కనెక్షన్ తీసుకుంటే మొదట చూపించేది ఒడియా, హిందీ ప్యాకు. తెలుగు కావాలంటే అడిగి వేయించుకోవాలి, ఆ డబ్బు అదనం. ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పిన రెండడుగుల గొడుగు, ఒక బాక్సు ఉంటే చాలు. అందులో ప్రైవేటు ఛానళ్లు వేలంలో స్లాటు కొనుక్కుని వస్తాయి, వాటిలో ఎక్కువ హిందీవే. నమ్మకంగా దొరికే తెలుగు డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి. పేద ఇంటికి ఏ దారిలో మాట చేరాలో ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇక రేటింగులు. 2015 నుంచి ఎవరేం చూస్తున్నారనే లెక్క బార్క్ అనే సంస్థ చేతిలో ఉంది. దేశంలో 50 వేలకు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టి, ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ల బటన్ నొక్కించి లెక్క తీస్తారు. ఒక్క నిమిషం చూసినా 'రీచ్'లో పడతారు. అందుకే రీచ్ అంకె చూసి మురిసిపోకూడదు. ఛానల్ మారుస్తూ మన కార్యక్రమం మీద నిమిషం ఆగినవాడూ అందులోనే ఉంటాడు. మన జిల్లాలకి అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ప్రకటన డబ్బు మార్కెట్ల వారీగా నడుస్తుంది. ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒక మార్కెట్, ఒడిశా ఇంకోటి. కాశీనగర్లో తెలుగు సీరియల్ చూసే ఇల్లాలు ఒడిశా ఖాతాలో పడుతుంది, అక్కడ తెలుగు ఛానల్ వాటా లెక్కకి ఆనదు. హైదరాబాద్‌లో కార్యక్రమం చేసేవాడికి ఆమె కనపడదు. భువనేశ్వర్‌లో చేసేవాడికి ఆమె భాష పట్టదు.

సర్కారు ప్రసారాలదీ ఇదే కథ. 2002లో దూరదర్శన్ 'కల్యాణి' అనే ఆరోగ్య కార్యక్రమం మొదలెట్టింది, ఊళ్లలో దాని పేరు మీద క్లబ్బులు కూడా నడిపింది. ఆరోగ్య సూచికల్లో వెనకబడ్డ రాష్ట్రాలకని చేసింది కాబట్టి ఒడిశాకి ఒడియాలో వచ్చింది. ఆంధ్ర ఆ జాబితాలో లేదు, కనక తెలుగులో రాలేదు. ఒడియా మాట్లాడటం వచ్చినా, ఒంటి సంగతులు ఇంటి భాషలో చెబితేనే ఎక్కుతాయి. పొలం బేరం ఒడియాలో ఆడే మనిషి డాక్టరు దగ్గర తెల్లబట్ట అవుతోందని చెప్పడానికి తెలుగొచ్చిన నర్సుని వెతుక్కుంటుంది.

ఫలితం అంకెల్లో కనబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. ఒడిశాలో అది 28 శాతం. ఆంధ్రలో మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. అంటే అటు తెలుగు నేల మీద కుటుంబ నియంత్రణ అంటే ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడదాని కడుపు మీద కోత, అంతే. పెళ్లికీ మొదటి బిడ్డకీ మధ్య, మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య ఏం వాడాలన్నది తెలుగు తెర మీద దాదాపు లేని విషయం. ఒడిశాలో ఆపరేషన్ మీద ఆధారపడటం తక్కువ గానీ అక్కడ నాటు లెక్కల పాలు ఎక్కువ: సురక్షిత రోజులు చూసుకోవడం, చివర్లో తప్పుకోవడం. సరిహద్దు ఇంట్లో ఈ రెండు అలవాట్లూ కలిసి కూర్చున్నాయి.

చట్టం తలుపు వేసింది, నాటు వైద్యుడు కిటికీలోంచి వచ్చాడు

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ చదివితే కాసేపు నోట మాట రాదు. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలూ, ఆడవాళ్లకి గర్భం రాకుండా ఆపే మందుల ప్రకటనలూ ఒకే సెక్షన్లో నిషేధం. ఒకటి మోసం, ఒకటి అవసరం. చట్టం రెంటినీ ఒకే గాట కట్టేసింది. తర్వాత సర్కారే నిరోధ్‌నీ (1968) మాత్రల్నీ ప్రచారం చేసుకుంది. కానీ ఆ వాసన ప్రసార నియమాల్లో పోలేదు. కేబుల్ రూల్స్ (1994) పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వాళ్లకి తగనివి వెయ్యొద్దంటాయి. సబబే. 2017 డిసెంబరులో కేంద్ర సమాచార శాఖ కండోమ్ ప్రకటనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్యే వెయ్యాలంది. రాజస్థాన్ హైకోర్టు నోటీసు ఇచ్చాక, అసభ్యంగా లేనివాటికి ఇది వర్తించదని వివరణ ఇచ్చింది. ఛానళ్ల వాళ్లలో చాలామందికి మొదటి మాటే గుర్తుంది, రెండోది గుర్తులేదు. కేబుల్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఆ వివరణ కాపీ చేతిలో ఉంచుకోవాలి.

సూటి మాటకి తలుపు వేసి, రాత్రి పదకొండు దాటాక డబ్బు కట్టి స్లాటు కొనుక్కున్న 'గుప్తరోగ నిపుణుడి'కి కిటికీ తెరిచారు. ఆయన అమ్మేది ఒకటే భయం: వీర్యం పోతే ఒంట్లో బలం పోతుంది, వంద చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం. ఈ భయంతో నీరసం, గుండెదడ, నిద్రలేమి తెచ్చుకునే కుర్రాళ్లని చూసి 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ఆ పరిస్థితికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. నిజానికి ఒకసారికి పోయేది సుమారు ఒకటిన్నర నుంచి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలూ ప్రొస్టేట్ గ్రంథీ చేసే ద్రవం. రక్తంతో దానికి లెక్క లేదు. నిద్రలో పోవడం పద్నాలుగేళ్ల పిల్లాడికి మామూలు. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో ఎవరైనా సాయంత్రం ఎనిమిదింటికి చెప్పి ఉంటే, ఆ పదకొండింటి దుకాణానికి సగం గిరాకీ ఉండేది కాదు. చట్టం నిషేధించిన ప్రకటన ఇదీ. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు అని రాసి ఉంది. పట్టుకునే ఓపికే లేదు.

ఉపదేశం ఎందుకు ఓడిపోతుంది

ఈ పాఠం దూరదర్శన్ నలభై ఏళ్ల కిందటే నేర్చుకుంది. 1984 జులైలో మొదలైన 'హమ్ లోగ్' మన దేశపు మొదటి టీవీ సీరియల్. మెక్సికోలో మిగుయెల్ సబీదో కుటుంబ నియంత్రణని కథలో కలిపి నడిపిన సీరియళ్ల నమూనా అది. మొదటి 13 భాగాల్లో సందేశం మరీ మోతగా ఉందని జనం మొహం తిప్పుకున్నారు. రచన మార్చి, సందేశం తగ్గించి, ఇంటి గొడవలు పెంచాక దేశం కదిలింది. సుమారు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. ఉపదేశం తగ్గాక మిగిలినదే పని చేసిందని నేను అర్థం చేసుకుంటాను.

ఇంకో ఆధారం 2009లో వచ్చింది. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001-03 మధ్య బీహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీల్లో కొత్తగా కేబుల్ వచ్చిన పల్లెల్ని పరిశీలించారు. కేబుల్ వచ్చాక మొగుడు కొడితే తప్పులేదనే ఆడవాళ్లు తగ్గారు, కొడుకే కావాలనే పట్టు తగ్గింది, కాన్పులు కూడా తగ్గాయి. అక్కడ ఎవరూ అవగాహన కార్యక్రమం నడపలేదు. ఉద్యోగం చేసే, సొంత మాట ఉన్న పట్నం ఆడవాళ్ల కథలు చూశారు, అంతే. మన తెలుగు సీరియల్ కోడలికి కథ పొడుగునా కడుపు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఒక్కసారి కూడా ఆశా దిదీ ఇంటికి రాదు. ఒక సన్నివేశంలో భర్త చొక్కా జేబులోంచి నిరోధ్ ప్యాకెట్ తీసి అల్మరాలో పెడితే చాలు. ఒక్క డైలాగు అక్కర్లేదు.

సీరియల్ రచయితల్ని మార్చడం మన చేతుల్లో లేదు. లోకల్ ఛానల్ మన చేతుల్లో ఉంది.

మూడు నిమిషాల ముక్క

పట్టణం కేబుల్ ఛానల్లో రోజుకి మూడు నిమిషాలు అడగండి. అరగంట అడిగితే ఇవ్వరు, ఇచ్చినా జనం చూడరు. మూడు నిమిషాల్లో తాపీగా చెబితే దాదాపు మూడొందల మాటలు పడతాయి. అందులో ఒక్క విషయం, ఒక్క పని. 'గర్భనిరోధక పద్ధతులు' అని మొదలెడితే పోయినట్టే. 'ఛాయ మాత్ర వేసుకునే రోజులు' అన్నది ఒక ముక్క. 'అంతర ఇంజెక్షన్ వేయించుకున్నాక నెలసరి ఎందుకు తప్పుతుంది' అన్నది ఇంకో ముక్క. రెండూ సర్కారు ఇచ్చే గర్భనిరోధకాలే.

రెండోది ఎందుకు విడిగా చెయ్యాలంటే, చాలామంది మానేసేది అక్కడే. అంతర మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మొదట్లో మధ్యమధ్య మరకలు కనబడటం, తర్వాత నెలసరి ఆగిపోవడం మామూలే. ఈ మాట ముందే చెప్పకపోతే 'చెడు రక్తం లోపలే నిలిచిపోయింది' అని అత్తగారు తేల్చేస్తుంది, రెండో ఇంజెక్షన్‌కి ఆ పిల్ల రాదు. ఆపేశాక కడుపు రావడానికి ఆఖరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు. ఏడాది లోపే బిడ్డ కావాలనుకునేవాళ్లకి ఇది సరైనది కాదని కూడా అదే ముక్కలో చెప్పాలి. దాచిపెడితే ఊరంతా పాకేది ఆ ఒక్క కేసే. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆదివారం-బుధవారం లాగా రోజులు ఖాయం చేసుకుని వేసుకోవాలి. నాలుగో నెల నుంచి వారానికి ఒకసారి, మొదట వేసుకున్న వారం రోజునే. రోజూ వేసుకునే మాత్రలతో కలిపి చెబితే ఈ లెక్క తప్పకుండా తారుమారవుతుంది.

కండోమ్ ముక్కలో చేతులు మాత్రమే చూపించండి. తేదీ చూడటం, పళ్లతో కాకుండా వేళ్లతో చింపడం, కొస నొక్కి గాలి తియ్యడం, గట్టిపడిన అంగానికి మొదలంటా విప్పడం, మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తియ్యడం. బొటనవేలికి తొడిగి చూపిస్తే 'ఇది వేలు, మీరు వాడేది ఎక్కడో' అని నోటితో చెప్పి తీరాలి. సిగ్గుపడి వదిలేస్తే చూసేవాడు వేలినే గుర్తుపెట్టుకుంటాడు. మన వైపు ఇళ్లలో చేతికి మొదట అందేది కొబ్బరినూనె కాబట్టి, నూనె తగిలితే రబ్బరు చిట్లుతుందని ప్రత్యేకంగా చెప్పాలి. రెండు ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికి పాడవుతుంది.

రాసింది ముందు చదివి వినిపించండి. ఆరుగురు ఆడవాళ్లకి ఒకచోట, ఆరుగురు మగవాళ్లకి వేరేచోట. 'అర్థమైందా' అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. 'ఇంటికెళ్లి వదినకి ఎలా చెబుతావు' అని అడగండి. ఇద్దరు తప్పు చెప్పిన వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాయాలి.

తెర సంగతి కూడా ముఖ్యం. లోకల్ ఛానళ్లు కింద పావు భాగంలో ప్రకటనల స్క్రోలింగ్ నడుపుతాయి. ఫోన్ నంబరు అక్కడ వేస్తే బట్టల కొట్టు ఆఫర్ కింద పోతుంది. 1097 (ఎయిడ్స్ హెల్ప్‌లైన్), 1098 (పిల్లల కోసం) లాంటివి తెర పైభాగంలో, కనీసం పది సెకన్లు ఉండాలి. వెనక మ్యూజిక్ వద్దు. చిన్న టీవీ స్పీకర్లో మ్యూజిక్ ముందుకొచ్చి మాట వెనక్కి పోతుంది. తెల్లకోటు డాక్టరు కంటే ఊళ్లో తెలిసిన మొహం ఉన్న ఏఎన్‌ఎంని కూర్చోబెట్టండి. జనం ఆమెని ఆపి అడగగలరు.

వేళ: మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఒకసారి, ఆడవాళ్లు ఒంటరిగా టీవీ దగ్గర ఉండే టైము. రాత్రి పది దాటాక అదే ముక్క మళ్లీ. ఏడు నుంచి పది మధ్య వెయ్యొద్దని నా సలహా. అప్పుడు అందరూ ఉంటారు, రిమోట్ ఇంటి పెద్ద చేతిలో ఉంటుంది. ధైర్యం చూపించుకోవడం కంటే చివరిదాకా చూడనివ్వడం ముఖ్యం. నెలసరి, మంచి స్పర్శ-చెడ్డ స్పర్శ లాంటివి మాత్రం సాయంత్రమే వెయ్యాలి, అవి అందరూ కలిసి వినాల్సినవే.

ఫిర్యాదు వస్తుంది. కలెక్టరు, సబ్ కలెక్టరు స్థాయి అధికారులకి కేబుల్ చట్టం కింద ప్రసారం ఆపించే అధికారం ఉంది, కాబట్టి కేబుల్ వాడు భయపడటంలో తప్పులేదు. ఆ 90 రోజుల రికార్డింగు అప్పుడు మనకి కాపలా. మొదటి ముక్క వెయ్యడానికి ముందే స్క్రిప్టు మీద జిల్లా ఆరోగ్య అధికారి సంతకం ఒకటి తీసి పెట్టుకుంటే, ఫిర్యాదు చేసినవాళ్లకి వీడియో, సంతకం రెండూ చూపించవచ్చు. విడి డైలాగుని ఫోన్లో కత్తిరించి వాట్సాప్‌లో తిప్పడం మామూలే, పూర్తి ముక్క పక్కన పెడితే సగం గొడవ చల్లారుతుంది.

'పిల్లలు చెడిపోతారు' అనే మాటకి పొడుగు జవాబు అక్కర్లేదు. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018లో అధ్యయనాలన్నీ కూర్చి చెప్పింది. 2007లో మహారాష్ట్ర సహా చాలా రాష్ట్రాలు బడుల్లో ఈ పాఠాన్ని ఆపేశాయి. ఆ తర్వాత చౌక డేటా వచ్చింది. ఆపినవాళ్ల పాఠం ఆగింది, ఫోన్ పాఠం నడుస్తోంది, అదీ ఎవరి సిలబస్ ప్రకారమో అందరికీ తెలుసు.

టీవీకి అందని మనిషి ఒకడున్నాడు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాడు. ఆ జిల్లాలో హెచ్‌ఐవీ ఎక్కువ ఉండటానికీ ఈ వలసకీ ఉన్న సంబంధం ఆరోగ్య శాఖకి ఎప్పటినుంచో తెలుసు. పది పన్నెండుమంది ఒకే గదిలో ఉండే చోట టీవీ ఉన్నా అందులో మన ఊరి ఛానల్ ఉండదు. వాడికి అదే మూడు నిమిషాల ముక్కని ఫోన్‌కి పంపాలి. ఎత్తు ఎక్కువగా నిలువు తెరకి వేరే కోత కొయ్యాలి, ఫైలు చిన్నదిగా ఉంచాలి. పెళ్లాం వైపు ముక్క వేరు: మొగుడు సెలవు మీద వస్తున్నాడని తెలిశాక రోజువారీ మాత్ర మొదలెడితే, నెలసరి మొదలైన అయిదు రోజులు దాటి ఉంటే, ఇంకో ఏడు రోజులు కండోమ్ కూడా ఉండాలి. పదిహేను రోజుల సెలవులో ఏడు రోజులంటే దాదాపు సగం. అందుకే అలాంటి ఇంటికి కండోమే తగిన పద్ధతి, అది జబ్బునీ ఆపుతుంది. ఆశా దిదీ దగ్గర మూడు నిరోధ్‌లు రూపాయి, అత్యవసర మాత్ర రెండు రూపాయలు అని పథకం పెట్టినప్పుడు ధర ఖాయం చేశారు. ఆ మాత్ర 72 గంటల లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అది గర్భస్రావం మాత్ర కాదు. హెచ్‌ఐవీ పరీక్ష, మందులు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఉచితం.

చివరికి ఫ్రీ డిష్ ఇళ్లు మిగులుతాయి, కేబుల్ ముక్క వాళ్లకి చేరదు. వాళ్ల బాక్సులో ఉన్న తెలుగులో మనకి దగ్గరిది డీడీ సప్తగిరి. అది విజయవాడ నుంచి నడుస్తుంది, ఆంధ్ర ఆరోగ్య శాఖ కార్యక్రమం వేస్తే ఉపగ్రహానికి సరిహద్దు తెలియదు కాబట్టి రాయగడలోనూ కనబడుతుంది. అడగాల్సింది పెద్దదేమీ కాదు: వారానికి ఒక అరగంటలో మూడు నిమిషాల ముక్కలు రెండు, మధ్యాహ్నం పూట. అంతర, ఛాయ పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, 1097 ఒకటే. స్క్రిప్టులో మార్చాల్సింది ఒక్కచోటే ఉంది. 'మీ మండలం పీహెచ్‌సీకి వెళ్లండి' అని ఉన్న దగ్గర 'మీ దగ్గరి సర్కారీ ఆసుపత్రికి' అని రాయాలి, ఎందుకంటే ఇవతల మండలాలు లేవు, బ్లాకులు ఉన్నాయి.